మంజీర ఇసుక, మా అన్న ట్రాక్టర్

మా ఇంట్లో అందరి లెక్కలో నేను రీల్స్ పిచ్చిదాన్ని. మంజీర ఒడ్డుకు పోతే లైకుల కోసమేనని అమ్మ తీర్మానం. ఈ రోజూ అదే అనుకుంది.

ఇసుక తోడేస్తుంటే బోర్లు ఎండిపోతున్నాయని మా ఊరి ఆడవాళ్లు పొద్దున ఇసుక ట్రాక్టర్లకు అడ్డంగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. అన్నిటికంటే ముందున్న ట్రాక్టర్ మా అన్నది. పక్కింటి గంగవ్వ దాని టైరుకు వీపు ఆనించింది.

"లే అవ్వా, తొక్కిస్త!" అన్నాడు అన్న.

"తొక్కియ్ రా. మా బోరు నీళ్లు తాగి పెరిగినవ్. ఇసుకంత తోల్కపోయినంక ఏం తాగుతవ్, డీజిలా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. అన్న పార తీసి కొట్టాడు. గంగవ్వ అడ్డం పెట్టిన చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమెను లేపబోతే అన్న దెబ్బకు నా చెంప పగిలింది. ఇప్పటికీ ఉమ్మితే రక్తమే వస్తోంది.

చెట్లను కౌగిలించుకున్న చిప్కో ఆడవాళ్ల గురించి పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ట్రాక్టర్‌ను ఎట్లా కౌగిలించుకోవాలో మా మేడం చెప్పలేదు. ఇది చదువుతున్నవాళ్లూ, మీ కాలేజీలో ఎవరైనా చెప్పారా?

గంగవ్వ బోధన్ దవాఖానలో ఉంది. అమ్మ నా పక్కనే కూర్చుని బతిమాలుతోంది: "ఎవరన్న అడిగితే అవ్వ జారి పడ్డదని చెప్పు బిడ్డా. వాడు నీ అన్న."

రేపు పొద్దున పోలీస్ స్టేషన్‌కు పోతున్నాను. కొట్టింది మా అన్నేనని చెప్తాను.