మార్తమ్మ తలనొప్పికి దయ్యం పేరు

క్రైస్తవులు టీ తాగడం పాపమని పామిడిలో మా పాస్టరు మొన్న చెప్పినప్పటి నుంచి, రోజుకు ఐదారు టీలు తాగే కూలి మనిషి మార్తమ్మ చుక్క ముట్టలేదు. ఈ రోజు ఉపవాస ప్రార్థనలో తల పగిలిపోతోందని ఏడ్చింది. పాస్టరు ఆమె తల మీద చెయ్యి పెట్టి, "టీ దయ్యం వదల్తాండాదమ్మా, అందుకే నొప్పి" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు.

నేను నర్సును. అలవాటైన టీ ఒక్కసారిగా మానేస్తే ఎవరికైనా తల నొస్తుంది. ఆమెను బయటికి తీసుకుపోయి టీ తాగించాను. అరగంటలో తేరుకుంది.

"తగ్గిపోయినాది పాపా. పాస్టరు అయ్యగారికి చెప్పొద్దు. దయ్యం పోయినాదని ఆదివారం సాక్ష్యం చెప్పమన్నాడు."

టీ పాపమట. అబద్ధసాక్ష్యం పలికించడం ఏమిటో, బైబిలు చదివిన మీరే చెప్పండి.