పదును ఎంత దిగింది

మా గైడు సారు పోయినారని ఫోన్ వచ్చినప్పుడు నేను ల్యాబులో కొలిమి ఆపి, అది చల్లారేదానికి కాచుకోని ఉన్నా. గుళికలు ఇంకా కొలిమి లోపలే ఉన్నాయి. వాటిని పగలగొట్టి చూపిస్తానని ఆసుపత్రిలో ఆయనకు మాటిచ్చి వచ్చినా.

చెనిక్కాయ, అదే వేరుశనగ, పొట్టును గాలి తగలకుండా కాలిస్తే వచ్చే ఆవిరిని ఇంధనంగా మార్చే గుళికలు అవి. చూసేదానికి గట్టిగా ఉంటాయి గానీ ఒళ్లంతా కంటికి కనబడని రంధ్రాలే. ఆవిరి అణువులు ఆ సందుల్లో గోడలకు తగులుకుంటా, ముందుకూ వెనక్కూ తారాడతా లోపలికి పోవాల. సందు ఇరుకైతే పైపైనే ఆగిపోతాయి, నడిమి భాగమంతా దండగ. అందుకే పెద్ద దోవలు, చిన్న సందులు రెండూ ఉండేట్టు కొత్త గుళికలు చేసినా. నా పీహెచ్‌డీ అంతా వాటిమీదే నిలబడి ఉండాది.

సారు సేద్యం ఇంట్లో పుట్టినోరు. వాన పడినాక, విత్తే ముందు, మావాళ్లు చేన్లో మన్ను తవ్వి పదును, అంటే వాన తడి, ఎంత దిగిందో చూస్తారు కదా, ఆయన గుళికను కూడా అట్లే చూసేవారు. నేను గ్రాఫులు తీసుకోని పోతే పక్కన పెట్టేసి, వాడిన గుళికను బ్లేడుతో రెండుగా చీల్చేవారు. ఆవిరి పోయినంత మేర మసి పట్టి నల్లగా ఉంటాది. పాత గుళికల్లో అంచున నల్లటి గీత, లోపలంతా తెలుపే. "పైన తడిసింది, కింద దుమ్మే" అని నవ్వేవారు. ఎప్పుడన్నా ఒకటి బాగొస్తే నన్ను సంబరపడనిచ్చేవారు కాదు. "ఇంకోటి పగలగొట్టప్పా" అనేవారు. అప్పుడు ఒళ్లు మండేది. నాకు చూసేది నేర్పించింది ఆ మాటే.

కణేకల్ పక్కన వాళ్ల చేన్లోనే సారును మట్టి చేసినారు. ముందురోజే వాన పడింది. గుంత అంచున పైన బెత్తెడు మన్ను తడిసి ముదురు రంగులో ఉండాది, కిందంతా పొడి. సారు వాళ్లన్న ఏడుస్తానే ఆ మన్ను పిడికిట్లో పట్టి నలిపి చూసినాడు.

"విత్తేదానికి చాలదప్పా" అన్నాడు నాతో.

నా గుళికలూ ఇట్లే ఉంటే?

సాయంత్రం ల్యాబుకు వచ్చి, కొలిమిలో ఆవిరి పట్టిన కొత్త గుళిక ఒకటి తీసినా. బ్లేడు పెట్టి చీల్చినా. నడిమి దాకా నలుపే. తెల్లచుక్క లేదు. "ఇంకోటి" అనేదానికి ల్యాబులో సారు లేరు. నా చెయ్యే పోయి రెండో గుళికను తీసుకోని బ్లేడు కింద పెట్టింది.