శివారు నుంచే నకలు

దసరా వెళ్లిన వారానికి మా నీటి సంఘం సమావేశంలో నన్ను చూసి నవ్విన వాళ్లు ఆరుగురు. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను. ముందు నవ్వింది సంఘం అధ్యక్షుడు గారు. తక్కిన అయిదుగురూ ఆయన నవ్వారు కాబట్టి నవ్వారు. అంతమాత్రాన వాళ్లను వదిలెయ్యలేదు.

మా ఊరు కాలువకు చిట్టచివర ఉంటుంది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు వంతులవారీగా వదులుతారు. ముందు పై ఊళ్లకు, తరువాత నడిమి ఊళ్లకు, ఆఖరున మాకు. కాగితాల్లో మమ్మల్ని శివారు ఆయకట్టు అంటారు. మా వంతు వచ్చేసరికి కాలువలో నీళ్లకు బదులు కొంగలు నడుస్తుంటాయి. సంఘం రిజిస్టరులో మాత్రం శివారుకు ఏటా నీరు అందినట్టే ఉంటుంది. అందుకని పదకొండేళ్లుగా, చేలు పొట్ట మీద ఉండే వారంలో, ఆఖరి తూము దగ్గరున్న గేజి రాయికి ఫొటోలు తీస్తూ వచ్చాను. రాయి మీద అడుగుల గీతలు, కింద చుక్క నీళ్లు లేని బురద. అవి చూపించి, ఈసారి వంతు కింది నుంచి మొదలుపెట్టమని అడుగుదామని వెళ్లాను. తీరా ఫోను తెరిస్తే ఫొటోలు దాచుకున్న మా ఇంటి సర్వరు పలకలేదు. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

"మీ దగ్గర ఫొటోల కన్నా ఫిర్యాదులు ఎక్కువండీ," అన్నారు అధ్యక్షుడు గారు. నవ్వులు అప్పుడే.

కొత్తగా వచ్చిన ఇరిగేషన్ ఏఈ గారు మాత్రం నవ్వలేదు. వంతుల జాబితా కార్తీకం ఆఖరున ఖాయం చేస్తామని, ఆధారం ఏదైనా ఉంటే ఆ రోజు తెమ్మని చెప్పారు. అంటే నాకు నెల పైచిలుకు గడువు. ఈలోగా ఆ ఫొటోలు బయటికి రాకపోతే మా ఊరి చేలు మరో దాళ్వా ఎండుతాయి. పదకొండేళ్ల సాక్ష్యం నా ఒక్కడి దగ్గరే ఉంది. అదీ ఒక జబ్బు డిస్కు మీద.

నేను పక్క టౌనులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని చేస్తాను. వాళ్లు తీసిపారేసిన ఒక బలమైన కంప్యూటరును ఇంటికి తెచ్చి సర్వరుగా మార్చుకున్నాను. ఒకే పెట్టె, అందులో నాలుగు కంప్యూటర్లు. చూసిన వాళ్లకు అర్థం కాకపోతే, ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకున్నట్టు అని చెబుతాను. ఒక కుంపటి ఇంటి దగ్గరా మోటారు షెడ్డు దగ్గరా ఉన్న కెమెరాలది. ఒకటి మా ఆవిడ మగ్గం వర్క్ డిజైన్లది. ఒకటి ల్యాబు పనిది. నాలుగోది ఫొటోలది. ఊరికే దొరికే ఆన్‌లైన్ ఖాతాలో పెట్టుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. పెట్టాను. ఒకసారి పాస్‌వర్డు మరిచిపోతే, నేను నేనేనని మూడు నెలలు నిరూపించుకోమన్నారు. అది కూడా నేను మరిచిపోలేదు.

తప్పు నాది కూడా కొంత ఉంది. ఒప్పుకుంటాను కానీ ఎవరూ అడగనప్పుడు. మా వైపు తుఫాను కబురు వస్తే విలువైనదల్లా అటక ఎక్కిస్తాం. బియ్యం, పట్టాలు, పెళ్లి ఫొటోలు. మురుగు కాలువ పొంగితే నీళ్లు గుమ్మం దాటి వస్తాయి మరి. అలవాటు కొద్దీ సర్వరును కూడా అటక మీదే పెట్టాను. మాది రేకుల ఇల్లు. వేసవంతా అది అక్కడే ఉడికింది. రెండో తప్పు ఇంకా పెద్దది. ఫొటోలకు నకలు ఉండాలి కదా అని ల్యాబు కుంపటిలో కూడా ఒక ప్రతి పెట్టి నిశ్చింతగా ఉన్నాను. కుంపట్లు నాలుగైనా కప్పు ఒక్కటే. నాలుగింటి కిందా ఉన్నది ఒకే డిస్కు.

సమావేశం నుంచి వచ్చి పెట్టెను కిందికి దింపి, రెండు రోజులు ఫ్యాను కింద చల్లబరిచి ఆన్ చేశాను. లేచింది. కానీ లోపల బల్లి పలికినట్టు టిక్కు టిక్కుమంటోంది. వెంటనే ఆపేశాను. కొత్త డిస్కులు వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ల్యాబు రికార్డు పుస్తకం ఒకటి తీసి ప్లాను గీయడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. ఫొటోలకూ డిజైన్లకూ జంట డిస్కులు: ఒకదాని మీద రాసింది రెండోదాని మీదా పడాలి, ఒకటి చచ్చినా రెండోది నడవాలి. కెమెరాలకు విడిగా ఒక డిస్కు, ఎందుకంటే అవి పగలూ రాత్రీ రాస్తూనే ఉంటాయి, పక్కవాళ్లకు సందివ్వవు. పై ఊరి వాళ్లు ఇంజన్లు పెట్టి తోడుకున్నట్టే. కుంపట్లన్నీ చురుగ్గా లేవడానికి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ. ర్యాము ఇప్పుడున్నదానికి రెట్టింపు. ఇవన్నీ కాక ఇంకో డిస్కు మీద మూడో ప్రతి, అది ఈ ఇంట్లో ఉండకూడదు, సామర్లకోటలో మా చెల్లెలి బీరువాలో ఉండాలి. పెట్టెకు చోటు మెట్ల కింద. మేస్త్రీని పిలిచి గోడ మీద పాత వరద మరక చూపించి, దానికి జానెడు పైకి దిమ్మ కట్టమన్నాను. దేవుడికా అండీ అని అడిగాడు. అవునన్నాను, లేకపోతే అరగంట చెప్పాలి.

మా ఆవిడ అన్నగారు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తారు. ప్లాను ఫొటో తీసి పంపితే నవ్వు బొమ్మ ఒకటి పంపారు. మాట కాదు, బొమ్మ. తరువాత ఫోను చేసి, ఒక పెద్ద డిస్కు కొని అన్నీ అందులో పోసెయ్యమని, ఇంత ఇనప సామాను అనవసరమని సలహా ఇచ్చారు. ఒక పెద్ద డిస్కు వల్లనే కదా ఇక్కడిదాకా వచ్చింది.

డిస్కుల కోసం రాజమండ్రి వెళ్లాను. షాపాయన వివరాలన్నీ విని, పాతది ఎక్కడ పెట్టారండీ అని అడిగాడు. అటక మీద అన్నాను.

"ఆవకాయ జాడీ అనుకున్నారేంటండీ?"

షాపులో ఉన్న వాళ్లంతా నవ్వారు. ఒకాయన ప్రింటరు ఇంకు కొనుక్కోవడానికి వచ్చిన మనిషి, ఆయనకేం సంబంధం? ఆయనా నవ్వాడు. బల్ల మీద పెట్టిన డిస్కులు తీసుకుని లేబులు చదివాను. అవి ఆఫీసు కంప్యూటరులో పగలు నాలుగు గంటలు తిరిగే రకం. గీత మీద గీత పెంకుటింటి పెంకుల్లా ఎక్కించి రాస్తాయి. జంటలో పెడితే, ఒకటి చచ్చి కొత్తది చేర్చిన రోజున నకలు దిగడానికి రోజుల తరబడి ఈడుస్తాయి. ఆ మాటే చెప్పాను.

డిస్కంటే డిస్కేనండీ, అన్నీ తిరుగుతాయి అన్నాడు.

"అయితే రాసివ్వండి. రాత్రింబగళ్లు జంటలో నడుస్తాయని బిల్లు మీద రాసి సంతకం పెట్టండి."

పెన్ను కూడా నేనే ఇచ్చాను. ఆయన పెన్ను పట్టుకుని కాసేపు బిల్లు పుస్తకం వంక చూశాడు. లోపలికి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు. గంటన్నర కూర్చున్నాను, ఆయన తెప్పించిన టీ కూడా తాగలేదు. ఆఖరికి గోడౌను నుంచి నేనడిగిన రకమే వచ్చింది. ముప్ఫయ్యేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది ఏమైనా ఉంటే ఈ ఒక్క మాటే. రాసివ్వండి అంటే అబద్ధానికి చెమటలు పడతాయి.

తిరుగు రైల్లో ఆ పెట్టెలు ఒళ్లోనే పెట్టుకున్నాను. నిడదవోలులో బండి మారేటప్పుడు ఎదుటి సీటావిడ, పూతరేకులాండీ, నలిగిపోతాయి జాగ్రత్త అంది. మొత్తం ప్రయాణంలో నా సామాను పట్ల మర్యాదగా మాట్లాడింది ఆవిడొక్కతే.

ఆదివారం పొద్దున్న స్నానం చేసి మొదలుపెట్టాను. కొత్త డిస్కులు బిగించి, జంట కట్టి, ఒక రోజంతా తిప్పి పరీక్షించడం ముందే అయిపోయింది. ఇక పాత డిస్కు నుంచి నకలు దింపడమే. బావగారు బెంగుళూరు నుంచి వీడియోలో కూర్చున్నారు. మా ఆవిడే పిలిచింది, నేను పిలవలేదు.

"బావా, డిస్కు మొదటి నుంచి చివరిదాకా ఒకే దఫా లాగెయ్యండి. పద్ధతి అదే," అన్నారాయన.

"చివర ఏముందో తెలుసా బావగారూ?"

"ఏముంటే ఏంటి, వరసగా అంతా వస్తుంది కదా."

"అంతా వస్తుందనే మా కాలువ గురించీ చెప్పారండీ."

ఆ డిస్కును నేను మొదట్లో నాలుగు భాగాలు చేశాను. తల దగ్గర కెమెరాలు, తరువాత డిజైన్లు, ఆ పైన ల్యాబు, అన్నిటికన్నా చివర ఫొటోలు. కెమెరాలు ఏళ్ల తరబడి రాసి రాసి తల వైపే అరిగిపోయి ఉంటుందని నా అనుమానం. తల నుంచి మొదలుపెడితే, ఆ అరిగిన చోట తన్నుకుంటూ ఉండగానే ప్రాణం పోతుంది. నీళ్లు చివరికి రావు. నాకు ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు, నేను పుట్టిందే కాలువ చివర. అందుకని శివారు నుంచి మొదలు అన్నాను. ముందు ఫొటోలు. తరువాత డిజైన్లు, ల్యాబు పని. కెమెరాలు ఆఖరున, మిగిలితే.

అది పద్ధతి కాదని బావగారు మూడుసార్లు చెప్పారు. నేను మీట నొక్కేశాను.

పాత డిస్కును కంప్యూటరు బయటే ఒక పీట మీద పెట్టి, టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పాను. టిక్కుమన్నప్పుడల్లా ఫ్యాను ఇంకాస్త దగ్గరికి జరిపాను. ఏడాది వెనక ఏడాది ఫొటోలు కొత్త డిస్కుల్లోకి దిగుతున్నాయి. ఒకచోట ఆగిపోయి పది నిమిషాలు కదల్లేదు. బావగారు ఏదో అనబోయారు. చెయ్యెత్తి ఆపాను. మళ్లీ కదిలింది. పదకొండేళ్లవీ దిగిపోయాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మా డిజైన్ల వంతు ఎప్పుడండీ?" అంది.

వెంటనే పెట్టాను. భోజనాల వేళకు అవీ, ల్యాబు పనీ వచ్చేశాయి. ఆఖరున కెమెరాల భాగం మొదలుపెట్టాను. అయిదు నిమిషాలు కాలేదు. గీరుకున్న చప్పుడు ఒకటి వచ్చి డిస్కు ఆగిపోయింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. ఆ తరువాత అది ఎన్నడూ తిరగలేదు.

ఫోనులో బావగారు మాట్లాడటం లేదు. నెట్ పోయిందేమోనని రెండుసార్లు అడిగాను. పోలేదట.

సాయంత్రం మా ఆవిడ చూస్తుండగా, జంటలో ఒక డిస్కు తీగ కావాలనే పీకేశాను. ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఫోను తెరిచి గేజి రాయి ఫొటో చూపించాను. ఏమీ జరగనట్టే వచ్చింది. మళ్లీ తీగ పెట్టాను, ఆ డిస్కు తనంతట తానే జంటలో కలిసింది. మర్నాడే మూడో ప్రతి తీసుకుని సామర్లకోట బండి ఎక్కాను.

కార్తీకం ఆఖరు సోమవారం మా ఆవిడ ద్రాక్షారామం వెళ్దామంది. ఆ వేళే సమావేశం. నన్ను మాత్రం వదిలెయ్యమన్నాను.

సంఘం ఆఫీసులో ప్రొజెక్టరు లేదని చెబుతారని తెలుసు, అందుకే కాలేజీది రాసిచ్చి తీసుకెళ్లాను. గోడ మీద పదకొండు ఫొటోలు వరసగా పెట్టాను. ఒకే రాయి, ఒకే వారం, ఒకే బురద. ఏఈ గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

ఫొటోలు ఎప్పుడైనా తీయొచ్చండీ, ఇవి వేసవిలోవి అయి ఉంటాయి అన్నారు అధ్యక్షుడు గారు. ఒక్కొక్క ఫొటో వెనక కెమెరా రాసుకున్న తేదీ, గంట, నిమిషం తెరిచి చూపించాను. అయినా ఆయన తల అడ్డంగానే ఊపారు. అప్పుడు ఎనిమిదో ఫొటోను గోడంతా పరిచాను. ఆ ఏడు సరిగ్గా అదే వారంలో ఆయన ఓట్ల కోసం మా ఊరు వచ్చారు. గేజి రాయి పక్కన, పంచె పైకి కట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, కాలువ నడుమ బురదలో నిలబడి ఉన్నారు.

ముందు నవ్వింది ఏఈ గారు. తరువాత గదంతా. పాత అయిదుగురిలో నలుగురు నవ్వారు, అయిదోవాడు దగ్గాడు.

ఏఈ గారు వంతుల కాగితం తీసుకుని అడ్డంగా గీతలు కొట్టి, కింది నుంచి పైకి అంకెలు మార్చి రాశారు. దాన్ని చదివి వినిపించవలసింది అధ్యక్షుడే. ఆయన కళ్లజోడు తుడుచుకుని, లేచి, మొదటి వంతు దగ్గర మా ఆఖరి తూము నంబరూ మా ఊరి పేరూ చదివారు.

నా పక్కన మా ఊరి ముసలి రైతు ఒకాయన కూర్చున్నారు. వినికిడి తక్కువ. ఏమన్నాడయ్యా అని నన్ను మోచేత్తో పొడిచి అడిగారు. మొదటి వంతు మనదేనట అన్నాను. నమ్మలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కాదేమో, సరిగ్గా కనుక్కో అన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"అధ్యక్షుడు గారూ, ఇక్కడ పెద్దాయనకి వినపడలేదండీ. మళ్లీ ఒకసారి చదవండి."

ఆయన మళ్లీ చదివారు.