ఆకుపచ్చ వదిలిన రోజు

పవర్ హౌస్ బజారులో చీర కొనేటప్పుడు మా అమ్మ కొంగు చివర ఉమ్మితో తడిపి, తన తెల్ల చేతిరుమాలుకేసి రుద్దేది. రుమాలుకు కాస్త రంగు అంటితే చాలు, షాపు భయ్యా ఎంత బతిమాలినా వినకుండా మెట్లు దిగేసేది. అలాంటి తల్లి కడుపున పుట్టి నేను పోయే రంగు తయారు చేశాను.

అది సబ్బుకూ వేడినీళ్ళకూ చెక్కుచెదరదు. నేను కలిపే మందునీళ్ళలో ముంచితే మాత్రం వదిలేస్తుంది, గుడ్డ మళ్ళీ తెల్లగా చేతికొస్తుంది. బజారులో రంగు తీసే ఘాటు మందు నూలును కూడా తినేస్తుంది, నాది తినదు. ఒకే గుడ్డకు ఎన్ని రంగులైనా మార్చుకోవచ్చు, కొత్తది కొననక్కర్లేదు. రంగుల కెమిస్ట్రీ చదువుకుని, స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 2లో మా క్వార్టర్ పెరట్లో బకెట్లతో కుస్తీ పట్టి సాధించాను. అమ్మకు మాత్రం అది తలవంపులుగా ఉండేది.

"ఇంత సదివి రంగు పోయే బట్టలేటే? నలుగురూ ఏటనుకుంటారు?" అనేది.

ఈ హిందీ ఊళ్ళో మా తెలుగు మహిళా సంఘం పిల్లల డాన్సులకు పండగ పండగకూ కొత్త బట్టలు కొని, తర్వాత బీరువాలో కుక్కేస్తుంది. ఈసారి ఉగాదికి తెల్ల నూలు పరికిణీలకు నేను చిలకాకుపచ్చ వేసిచ్చాను. దసరాకు వాటినే ఎర్రగా చేసిస్తానని కూడా అన్నాను. సంఘానికి పెద్ద అయిన మా పక్క క్వార్టర్ పిన్ని అందరి ముందూ నవ్వింది.

"సేసి సూపించు. అయితే ఇకమీద మన బట్టలన్నీ నీకే. అవకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తకు, బజార్లో కొనీసుకుంటాం."

దసరా దగ్గర పడ్డాక ఆడవాళ్ళందరూ మా పెరట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను పరికిణీల మూట విప్పుతుంటే అమ్మ నా చెవి దగ్గరకొచ్చి గొణిగింది.

"ఒలే, ఉగాదికి ముందే ఈటిని రాళ్ళుప్పు నీళ్ళలో నానబెట్టీసినాను. చిక్కటి గంజి కూడా ఎట్టీసినాను. స్టేజీ మీద రంగు కారితే నీ పరువు పోద్దని."

నాకు ఒళ్ళు మండింది. కొత్త నూలుబట్ట ఇంటికి రాగానే రంగు నిలవడానికి ఉప్పునీళ్ళలో వేయడం మా ఇళ్ళలో పసిపిల్లకు కాటుక పెట్టినంత మామూలు. అన్నీ పరీక్షించిన నేను అమ్మను లెక్కలోకి తీసుకోలేదు. ఉప్పు తాగి గంజి పట్టిన దారంలోకి మందు దిగుతుందో లేదో నాకే తెలియదు.

వేడినీళ్ళతో గంజి వదలగొట్టి, ఒక పరికిణీని మందునీళ్ళలో ముంచాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పిన్ని గొంతు సవరించుకుంది. కర్రతో తిప్పుతూనే ఉన్నాను. అంచు దగ్గర ఆకుపచ్చ కదిలింది. చూస్తుండగానే బకెట్ అంతా పచ్చబడింది. పైకెత్తి విదిలిస్తే పరికిణీ తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. సిగ్గు వదిలేసి గెంతాను.

పిన్ని గుడ్డను రెండు చేతులా లాగి చూసింది. చిరగలేదు.

"ఎర్ర రంగు ఏసీయ్ తల్లీ," అంది.

దసరా సాయంత్రం స్టేజీ నిండా నా ఎరుపు తిరిగింది. మా వెనక కూర్చున్న ఒకావిడ ముందుకు వంగి, ఈ రంగు పోదు కదా అని అమ్మనడిగింది. అమ్మ కళ్ళు స్టేజీ మీంచి తిప్పలేదు.

"ఎందుకు పోదు? మా పిల్ల పొమ్మంటే పోద్ది," అంది.