గ్లాసుడు అంబలి

ఇది నా గుండెల మీద కూర్చుని చాలా ఏళ్లయింది. అన్నం కలిపేటప్పుడల్లా గుర్తొస్తుంది. పండగ పూట మరీనూ. మీరు నాకెవరూ కారు. అందుకే మీకు చెబుతున్నాను.

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ సీటీ స్కాన్ గదిలో ఆయాగా చేసేదాన్ని. గొలుసులు తీయించడం, చీర మార్పించడం, బల్ల మీద పడుకోబెట్టడం నా పని. స్కాన్ తీసే బాబుది విజయనగరం. నరానికి మందు ఎక్కించి తీసే స్కానైతే పరగడుపున ఉండాలి, లేకపోతే వాంతై ఊపిరికి అడ్డం పడుతుంది. ఇది నాకు మొదటి రోజే చెప్పాడు. రోగిని అడిగాక నన్నూ అడిగేవాడు, తన దగ్గర దాచింది నా దగ్గర చెబుతారని. నా మాట మీదే మందు ఎక్కించేవాడు.

పెద్ద నోట్లు రద్దయిన ఏడాది, నౌపడ నుంచి ఒకాయన భార్యతో వచ్చాడు. ఉప్పు మడుల్లో పని. కడుపులో గడ్డేమోనని అనుమానం. పొద్దున్నే తీయాల్సింది, ఈలోగా రోడ్డు ప్రమాదంలో తలలు పగిలినవాళ్లను తెచ్చారు. వాళ్లయ్యేసరికి మిట్టమధ్యాహ్నం. భార్య రక్తపరీక్ష కాగితం కోసం కిందికి వెళ్లింది. ఆయన నన్ను పిలిచాడు.

"సెల్లీ, మేం ఉప్పుని కూడా ఇలాగ ఎండబెట్టమే. కళ్లు తిరిగిపోతన్నాయి. గుక్కెడు ఏటైనా ఇద్దూ."

చెల్లీ అన్నాడు. నా క్యారేజీలో చోడి అంబలి, అదే రాగి జావ, ఉంది. గ్లాసుడు ఇచ్చాను. మా ఇళ్లలో అంబలి తిండి లెక్కలోకి రాదు, మంచినీళ్లతో సమానం. అలా అనుకునే ఇచ్చానా? ఏమో. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకుని నవ్వాడు. అంతలోనే పిలుపొచ్చింది.

"ఏటప్పా, పరగడుపేనా?" ఆయన ఏమీ తినలేదన్నాక నావైపు తిరిగి అడిగాడు బాబు.

"పరగడుపే బావూ."

ఎందుకన్నాను? నిజం చెబితే ఆ పూటకి పంపేస్తారని, పాపం మళ్లీ అంత దూరం నుంచి రావాలని జాలిపడ్డానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. జాలి కాదు. చీవాట్లు పడతాయని భయం.

మందు ఎక్కింది. వెల్లకిలా ఉన్న మనిషి ఒక్కసారిగా కక్కుకున్నాడు. బాబు పరిగెత్తి పక్కకు తిప్పేలోపే ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆయన్ని అత్యవసర వార్డుకు తీసుకుపోయారు. బల్ల మీద చోడిపిండి రంగు మరక తుడిచింది నేనే.

బయట బాబు ఆయన భార్య మీద కేకలేశాడు, ఏం పెట్టావని.

"నానేటీ ఎట్నేదు బావూ, నా పిల్లలమీదొట్టు!" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. "వదినా, నువ్విక్కడే ఉన్నావు గదా. నానెట్నేదని సెప్పవే!"

"నాకేటి తెలుసమ్మా. నాను లోపల పనిలో ఉన్నాను."

ఆమె నా చెయ్యి వదిలేసింది.

ఆయన ఇంటికి వెళ్లలేదు. గడ్డ చిన్నదేనట, కోస్తే పోయేదట.

కొన్నేళ్లకు బస్సు కాంప్లెక్సులో ఆమే నన్ను గుర్తుపట్టింది. మొగుడికి పెట్టి చంపుకుందని అత్తవారు, ఆఖరికి కన్నకొడుకు కూడా, ఆమె చేతి ముద్ద ముట్టడం లేదట. ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "నానే ఎట్టీసానేమో వదినా. గాబరాలో మర్సిపోనానేమో" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. నా బస్సు వచ్చేసిందన్నాను. రాలేదు.

నౌపడ ఎంత దూరమని? వెళ్లొచ్చు. ఆమె వీధి తెలియదని సాకు చెప్పుకుంటాను. ఆమెకు చదువు రాదు, ఇది చదవదు. అది తెలిసే రాస్తున్నానేమో కూడా. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

ఆమె ఏమీ పెట్టలేదు. నేను పెట్టాను. ఈ రెండు ముక్కలు రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. రాశాక ఊపిరి కాస్త కిందికి దిగింది.

నాకు దిగింది. ఆమెకు దిగలేదు.