ఈరప్ప ముక్కు

ఈరప్ప ఎవరింటికి వెళ్ళినా ముందు నేలను వాసన చూసేవాడు. మనుషులను పలకరించడం ఆ తరవాతే.

కంబదూరు పక్కన పల్లెలో కంబళ్ళు నేసి, భుజాన వేసుకుని మా కళ్యాణదుర్గం వచ్చి అమ్మేవాడు. కొత్త కార్పెట్ కనబడితే చాలు, మోకాళ్ళ మీద వంగి ముక్కు ఆనించేవాడు. ఒక పెళ్ళిలో ఇలాగే వంగితే, సాష్టాంగం పెడుతున్నాడనుకుని మేళగాళ్ళు వాయింపు పెంచారు. వెనకే నడిచి వస్తున్న పెళ్ళికొడుకు ఆగిపోయాడు.

"ఏం పోగొట్టుకున్యావప్పా?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"ఏం లేదన్నా. జిగురు వాసన. పెండ్లికూతురు కడుపుతో ఉన్నప్పుడు దీనిమింద కూర్చోబెట్టొద్దు."

పెళ్ళి కాకముందే కడుపేమిటని అక్కడ పెద్ద గొడవయింది.

నేనొక చిన్న బడి నడుపుతున్నాను. ఎల్కేజీ గదిలో నీలం కార్పెట్ అతికించిన రోజే ఈరప్ప వచ్చాడు. వంగాడు, తుమ్మాడు.

"పసిపిల్లోళ్లు పండుకునే తావప్పా ఇది. ఈ మందు వాసన మంచిది కాదు. పీకెయ్. ఉన్నిదో నారదో పరుచుకో."

"నీ కంబళ్ళు అమ్ముకోడానికి ఈ నాటకమా?" అన్నాను, పిల్లలను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులందరి ముందూ. ఈరప్ప మూట సర్దుకుని వెళ్ళిపోయాడు.

పదిహేను రోజులకు కొందరు పిల్లలకు దగ్గు, కళ్ళలో నీళ్ళు. కార్పెట్ పీకించాను. అప్పుడు టీచర్ కృపాకుమారి చెప్పింది.

"సార్, మీరు తిట్టినపొద్దే ఆయప్ప నా దగ్గరికొచ్చినాడు. కిటికీలు మూయొద్దు, పిల్లోళ్లను వరండాలో పండబెట్టు అన్యాడు. సారుకు చెప్పొద్దు, చిన్నతనంగా ఉంటాదన్యాడు. అందుకే ఇంతటితో పోయింది."

వాళ్ళ పల్లెకు బండి మీద అరగంట దారి. క్షమించమని అడగడానికి వెళ్ళేసరికి నాకు మూడు నెలలు పట్టింది.

అరుగు మీద ఆయన భార్య తిమ్మక్క ఉన్ని వడుకుతోంది. కళ్యాణదుర్గం బడి సారునని చెప్పాను.

"ఆయప్ప పోయి నెలాయ సారూ," అంది.

ఆమె లోపల్నుంచి రెండు మెత్తని కంబళ్ళు తెచ్చింది.

"పిల్లోళ్లకు గుచ్చుకోకూడదని గొర్రెపిల్లల ఉన్నితో నేసినాడు. చింతపిక్కల గంజి తప్ప ఏం పూయలేదు. బడికి ఇయ్యమన్యాడు."

"నా మీద కోపం లేదా అమ్మా ఆయనకు?"

"యాలుండదు? శానా ఉండె. మీరొస్తే ఏమేం తిట్టల్లో కూడా చెప్పిపోయినాడు. అయితే సిగ్గుతో వచ్చింటాడు, గొంతు ఎండింటాది, ముందు మజ్జిగ ఇయ్యి అన్యాడు."

చెంబెడు మజ్జిగ తాగి, తిట్టమని తల వంచుకుని నిలబడ్డాను.

తిమ్మక్క నా చేతిలోని ఖాళీ చెంబు తీసుకుంది.

"మర్సిపోయినాను సారూ," అని నవ్వింది. "ఇంగో చెంబు తాగండి."