తాడు పెట్టి కొలిపించిన పాఠం

పోయిన వారం నేను చెప్పిన లెక్కల పాఠానికి అన్నదమ్ములిద్దరు పారలు తీసుకొని బడికి వచ్చినారంటే నమ్ముతారా? నాకింకా గుండె దడ తగ్గలేదప్పా. టీ తాగతా వినండి.

తిరపతిలో ట్రైనింగు ముగించుకొని, కాణిపాకం పక్కన పల్లె హైస్కూల్లో చేరి నెలన్నర కూడా కాలేదు. ఎనిమిదో తరగతి నాది. పిల్లకాయలు 'పొడవు ఇంటూ వెడల్పు' అని కండ్లు మూసుకొని పాడతారు గానీ, ఈ గది ఎంతుంటాదిరా అంటే ఒక్కడూ నోరు తెరవడు. ఈ బట్టీ చదువు మార్చాల, పిల్లోడు చేత్తో పట్టుకొని నేర్చుకోవాల అని హెడ్మాస్టరుకు అరగంట లెక్చరిచ్చినా. పెద్దాయన. ముక్కుపొడి పీల్చుకుంటా అంతా విని, బోర్డు మీద గీసి చెబితే ఎవురికీ నష్టం లేదు గదప్పా అన్నాడు. నేను వింటానా?

బడి వెనక చెనక్కాయ పీకేసిన చేండ్లు రెండు ఖాళీగా ఉండాయి. గజానికొక ముడి వేసిన కొత్త నార తాడు ఇచ్చి, పిల్లకాయల్ని తోలుకొని పోయినా. మొదటి చేను కొలిచినారు. రెండింటి నడాన కాలవ దాటేటప్పుడు తాడు నీళ్లలో పడింది. పిండుకొని రెండోది కొలిచినారు. అబ్బ, ఏం హుషారు! రెండో చేను పొడవు మూడు గజాలు ఎక్కువని వాళ్లే లెక్కేసి చెప్పినారు. చదువంటే ఇదీ అని నాకు నేనే మురిసిపోయినా.

ఆ చేండ్లు ఎవురివని మాత్రం అడగలేదు.

మర్నాడు ఫస్ట్ పీరియడ్లో వాకిట్లో చెంగల్రాయుడు నిలబడినాడు. మా క్లాసు మునెమ్మకు నాయన. భుజాన పార. వెనకాలే ఆయన అన్న, ఆయన చేతిలోనూ పార. వాళ్ల నాయన సరిసమానంగా పంచిచ్చిన చేండ్లంట అవి. మునెమ్మ ఇంటికి పోయి, పెదనాయన చేను మూడు గజాలు ఎక్కువని చెప్పేసింది. పన్నెండేండ్లుగా ఒకే బావి నీళ్లు పారగట్టుకుంటా ఒక్క మాట అనుకోనోళ్లు, ఆ రాత్రి నుంచి ముఖాలు చూసుకోలేదంట.

"గెనిమ గట్టు జరిపినానంటాడు మా తమ్ముడు. నువ్వే కొలిపించినావంట. చెప్పు అయ్యోరా, నేను దొంగనా?" అన్నాడు అన్న, నెమ్మదిగా. అరిచుంటే బాగుండు. నా చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. మునెమ్మ డెస్కు మీద తల పెట్టి ఏడస్తా ఉండాది.

హెడ్మాస్టరే కరణాన్ని పిలిపించినాడు. ఊరంతా చూస్తా ఉండగా ఇనప గొలుసు పెట్టి కొలిచినారు. రెండూ అచ్చం సమానం. కరణం నా తాడు చేతికి తీసుకొని, తడిసిందా అని అడిగినాడు. తడిసిందన్నా.

"కొత్త తాడు తడిస్తే కురసవుతాది. కురస తాడుతో కొలిస్తే చేను పెరగతాది. ఇది మీ ట్రైనింగులో చెప్పలేదా సార్?"

తమ్ముడు గెనిమ మీద కూలబడినాడు. అన్న పోయి పక్కన కూచొని బీడీ ఇచ్చినాడు. ఇద్దరూ కలిసి నా వైపు చూసిన చూపు ఇంకా మరవలేకుండా ఉండా.

నిన్న మళ్లీ అదే పాఠం. ఈసారి బోర్డు మీద గీసినా. మునెమ్మ లేచి, "ఇది ఎవురి చేను సార్?" అనింది. వాకిట్లో హెడ్మాస్టరు నిలబడి ఉండాడు. ఎవురిదీ కాదమ్మా, గవర్నమెంటుది అన్నా.

"అంటే పోరంబోకా సార్?"

"అవునమ్మా, పోరంబోకే" అన్నాడు హెడ్మాస్టరు, నన్నే చూస్తా.

ఆ మాట చేనుకో నాకో నేనడగలేదు.